32 వారాలకు పుట్టిన పాపకు కంటి పరీక్ష నిజంగా అవసరమా?

నమస్తే అండి. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకూ అర్థమయ్యేలా ముందు మీ విషయం క్లుప్తంగా చెప్తాను. మీ పాప 32 వారాలకు 1,640 గ్రాముల బరువుతో పుట్టింది. దర్శి దగ్గర కాన్పు అయ్యాక ఊపిరి సరిగా అందడం లేదని ఆక్సిజన్ పెట్టి అంబులెన్స్‌లో గుంటూరు పంపారు. అక్కడ నాలుగు రోజులు సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే మిషన్), ఆ తర్వాత తొమ్మిది రోజులు ముక్కులో పైపుతో ఆక్సిజన్ ఇచ్చారు. ఇన్ఫెక్షన్ అని 14 రోజులు యాంటీబయాటిక్స్ వాడారు, ఒకసారి రక్తం ఎక్కించారు. 22వ రోజున 1,700 గ్రాములతో ఇంటికొచ్చింది. ఇవాళ్టికి 26 రోజులు. డిశ్చార్జ్ కాగితం అడుగున 'ఆర్‌ఓపీ స్క్రీనింగ్' (నెల తక్కువ పిల్లలకు చేసే కంటి పరీక్ష) అని ఒక్క ముక్క రాసి ఉంది, తేదీ లేదు. డల్లాస్‌లో ఉన్న మీ బావమరిది ఇంటర్నెట్‌లో చూసి 1,500 గ్రాములు దాటితే ఈ పరీక్ష అక్కర్లేదన్నారు. మీ అత్తగారేమో మూడో నెల వచ్చేదాకా పాపను గడప దాటించనంటున్నారు. పైగా పాప దీపం వైపు చక్కగా చూస్తోంది. ఇంకెందుకు అని మీ సందేహం.

పరీక్ష అవసరమే. ఈ నాలుగు రోజుల్లోనే అయిపోవాలి. మీరు ఇంకేం చదవకపోయినా ఈ ఒక్కటి చేయండి, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

నేను రెటీనా డాక్టర్‌ని. పదహారేళ్లుగా వారానికి రెండు రోజులు ఆస్పత్రులు తిరిగి, వెచ్చగా ఉంచే బాక్సుల్లో (ఇంక్యుబేటర్లలో) ఉన్న నెల తక్కువ పిల్లల కళ్లు చూడటమే నా పని. అందుకే మీ పాప కాగితంలో ఉన్నవాటిలో ఏది ఎంత ముఖ్యమో కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ జబ్బు ఏమిటో చెప్పాలి. కంటి వెనక భాగంలో రెటీనా అనే పల్చటి తెర ఉంటుంది. దానికి రక్తం అందించే నాళాలు తల్లి కడుపులో సుమారు 16వ వారంలో మొదలవుతాయి. కంటి నరం దగ్గర పుట్టి, నెమ్మదిగా అంచుల వైపు పాకుతాయి. ముక్కు వైపు అంచు దగ్గర కాబట్టి అక్కడికి 36 వారాలకల్లా చేరతాయి. చెవి వైపు అంచు దూరం, అక్కడికి చేరేసరికి దాదాపు 40 వారాలు, అంటే నెలలు నిండుతాయి. మీది సాగర్ కుడి కాలువ కింద ఊరు. తూము దగ్గర పొలానికి ముందు నీళ్లు అందడం, చివరి ఆయకట్టు రైతు ఎదురుచూస్తూ కూర్చోవడం మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. 32 వారాలకు పుట్టిన బిడ్డ కంట్లో చివరి ఆయకట్టుకు ఇంకా నీళ్లు రాలేదు. ఆ మిగిలిన పని బయట, ఈ గాలిలో, ఈ వెలుతురులో, ఈ మందుల మధ్య జరగాలి.

చాలామంది పిల్లల్లో అది సవ్యంగానే జరిగిపోతుంది. కొందరిలో మధ్యలో ఆగిపోతుంది. రక్తం అందని ఆ అంచు ఊరుకోదు. పిల్ల పెరిగేకొద్దీ దానికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, నాళాలను రమ్మని పిలిచే వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని విపరీతంగా వదులుతుంది. అప్పుడు నాళాలు మళ్లీ పుడతాయి గానీ పద్ధతిగా పుట్టవు. దారి తప్పి, ముద్దలుగా, కంటి లోపలి జెల్లీ వైపు లేస్తాయి. వాటితో పాటు ఏర్పడిన పీచు మచ్చలా బిగుసుకుని రెటీనాను వెనక గోడనుంచి ఊడలాగేస్తే చూపు పోతుంది. దీన్నే రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ అంటాం, ఆస్పత్రిలో అందరూ ఆర్‌ఓపీ అంటారు.

ఇందులో నాళాలు ఆగిపోవడం పుట్టిన కొత్తలో జరుగుతుంది. దారి తప్పి పెరగడం కొన్ని వారాల తర్వాత మొదలవుతుంది. అంటే బిడ్డ బాక్సులో ఉన్నప్పుడు గండం కనపడదు. బిడ్డ కోలుకుంది, పాలు తాగుతోంది, ఇంటికి వెళ్లండి అన్న రోజుల్లోనే కంట్లో అసలు కథ మొదలవుతుంది. మీ పాప సరిగ్గా ఆ రోజుల్లో ఉంది.

ఇక రిస్క్ విషయానికి వస్తే, అన్నిటికంటే పెద్దది ఎన్ని వారాలకు పుట్టింది అన్నదే. ఆ తర్వాత బరువు. 26 వారాల బిడ్డకూ 32 వారాల బిడ్డకూ పోలికే లేదు, అది నిజం. మీ బావమరిది చెప్పిందీ అబద్ధం కాదు. అమెరికాలో 1,500 గ్రాములు లేదా అంతకన్నా తక్కువ బరువున్నా, 30 వారాలకు లేదా అంతకు ముందే పుట్టినా తప్పనిసరిగా చూస్తారు. కానీ అదే నియమంలో ఇంకో ముక్క ఉంది, అది చాలామంది చదవరు: 1,500 నుంచి 2,000 గ్రాముల మధ్య ఉన్నా, ఆస్పత్రిలో ఒడిదుడుకులు పడిన బిడ్డ అయితే డాక్టర్ నిర్ణయం మీద చూడాలి. సీప్యాప్, ఇన్ఫెక్షన్, రక్తం ఎక్కించడం ఉన్న మీ పాప విషయంలో అక్కడి డాక్టర్ కూడా చూడమనే అవకాశం ఎక్కువ.

మన దేశంలో గీత వేరే చోట గీశారు. 2,000 గ్రాముల కన్నా తక్కువ బరువున్నా, 34 వారాల కన్నా ముందు పుట్టినా ప్రతి బిడ్డకూ పరీక్ష చేయాలి. 34 నుంచి 36 వారాల మధ్య పుట్టి ఆస్పత్రిలో కష్టపడిన పిల్లలకు కూడా చేయాలి. ఈ తేడా ఊరికే రాలేదు. హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల పిల్లల మీద ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి డాక్టర్ సుభద్ర జలాలి గారు 1990ల చివర్లో మొదలుపెట్టిన పని, బెంగళూరు నుంచి డాక్టర్ ఆనంద్ వినేకర్ గారు 2008లో కర్ణాటక పల్లెల కోసం కెమెరాలతో మొదలుపెట్టిన కిడ్‌రాప్ అనే ఆర్‌ఓపీ పరీక్షల కార్యక్రమం, ఇలాంటివన్నీ మనవాళ్లకు ఒక సంగతి నేర్పాయి. అమెరికా లెక్కలో 'పెద్ద' పిల్లలు అనిపించుకునే 1,600, 1,800 గ్రాముల పిల్లల్లో కూడా మన దగ్గర ముదిరిన ఆర్‌ఓపీ కనిపిస్తోంది. అమెరికా కొలత పెట్టుకుంటే ఆ పిల్లలంతా జల్లెడలోంచి జారిపోతారు.

ఎందుకు మన దగ్గర ఇలా? నా అనుభవంలో మొదటి కారణం ఆక్సిజన్ ఇచ్చే తీరు. మీరు 'ఆక్సిజన్ ఎక్కువ పెట్టి మా పాప కళ్లు పాడుచేశారా?' అని అడిగారు. ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే దీన్ని సగం తెలుసుకుంటే తప్పు మనుషుల మీద కోపం వస్తుంది.

1942లో అమెరికాలోని బోస్టన్‌లో థియోడోర్ టెర్రీ అనే కంటి డాక్టర్, నెలలు నిండని పిల్లల కంటిపాప వెనక తెల్లటి పొర కడుతోందని మొదటిసారి రాశారు. అప్పట్లో కొత్తగా వచ్చిన గాజు బాక్సుల్లోకి పుష్కలంగా ఆక్సిజన్ వదిలేవాళ్లు, పిల్లలు బతికేవాళ్లు. అదే మంచిదనుకున్నారు. పదేళ్లలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 10,000 మంది పిల్లలకు చూపు పోయింది. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే పిల్లల డాక్టర్ తన వార్డుల్లో పిల్లలను పోల్చి చూసి, ఆక్సిజన్ మీద అనుమానం ఉందన్నారు. తర్వాత అమెరికాలో 18 ఆస్పత్రులు కలిసి పరీక్షించి అది నిజమేనని తేల్చాయి. వెంటనే అందరూ ఆక్సిజన్ ఇవ్వడం బాగా తగ్గించేశారు. కళ్లు పోవడం తగ్గింది. కానీ ఊపిరందక చనిపోయే పిల్లలు పెరిగారు, బతికిన కొందరికి మెదడు దెబ్బతింది.

ఆ పాఠం మళ్లీ 2010లో ఇంకో పెద్ద అమెరికా అధ్యయనంలో కనిపించింది. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని 85–89 మధ్య ఉంచిన పిల్లల్లో కంటి జబ్బు తగ్గింది, మరణాలు మాత్రం 91–95 మధ్య ఉంచిన పిల్లల కంటే ఎక్కువయ్యాయి. అందుకే ఇప్పుడు ఆక్సిజన్ మీద ఉన్న నెల తక్కువ బిడ్డకు 90 నుంచి 95 మధ్య ఉంచమంటాం. మీ పాపకు ఆక్సిజన్ పెట్టకపోతే మనం ఇవాళ కళ్ల గురించి మాట్లాడుకునేవాళ్లమే కాదేమో. పెట్టడం తప్పు కాదు. మిగతా మందుల్లాగే దానికీ మోతాదు ఉంది, అంతే.

మీరు రాసిన ఒక వాక్యం నన్ను ఆపేసింది. 'మానిటర్‌లో ఎప్పుడు చూసినా 99, 100 ఉండేది, చూసి ధైర్యంగా ఉండేది' అన్నారు. ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) అద్దం బయట నిలబడ్డ ప్రతి తండ్రీ అలాగే అనుకుంటాడు. మన చదువుల్లో నూటికి నూరు కంటే మంచి మార్కు లేదు కదా. బిడ్డ మామూలు గాలి పీలుస్తూ 99 చూపిస్తే నిజంగా మంచిదే. మామూలు గాలిలో ఉండే ఆక్సిజన్ 21 శాతం, దాంతో రక్తంలో మితిమీరిపోవడం జరగదు. పైపులో ఆక్సిజన్ పోతుండగా 100 చూపిస్తే మాత్రం అది మార్కు కాదు, హెచ్చరిక. వేలికి పెట్టే ఆ మిషన్‌కు వంద దాటి చూపించడం రాదు. లోపల సరిపడా ఉందా, దానికి రెండింతలు ఉందా అన్నది అది చెప్పలేదు. గ్లాసు నిండాక ఇంకా పోస్తూనే ఉంటే నీళ్లు ఎంత పొర్లాయో గ్లాసును చూసి చెప్పలేం కదా, ఇదీ అంతే.

మంచి యూనిట్లలో బ్లెండర్ అనే పరికరం ఉంటుంది. అది గాలినీ ఆక్సిజన్‌నీ కలిపి 25 శాతం, 30 శాతం అని కావలసినంతే ఇస్తుంది. సిలిండర్‌కు నేరుగా పైపు తగిలిస్తే అందులో వచ్చేది నూరు శాతం ఆక్సిజన్. ఊళ్లనుంచి పెద్ద ఆస్పత్రికి పంపే అంబులెన్స్‌లలో చాలాసార్లు జరిగేది ఇదే. మూడు నాలుగేళ్ల కిందట ఒక బాబును చూశాను. 33 వారాలకు 1,750 గ్రాములతో పుట్టాడు. మీ బావమరిది లెక్కలో అయితే వాడికి ఏ భయం లేదు. ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో పది రోజులు సిలిండర్ ఆక్సిజన్ మీద ఉన్నాడు, శాతం చూసే మిషన్ రోజుకు రెండుసార్లు మాత్రమే తగిలించేవాళ్లట. 24వ రోజున నా దగ్గరికి వచ్చేసరికి రెండు కళ్లలో ఎ-ఆర్‌ఓపీ, అంటే రోజుల్లోనే ముదిరిపోయే రకం. ఆ రోజే ఇంజెక్షన్ చేశాం. వాడు ఇప్పుడు అద్దాలు పెట్టుకుని అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. 24వ రోజు కాకుండా 45వ రోజున వచ్చి ఉంటే ఈ చివరి వాక్యం రాయలేకపోయేదాన్ని.

ఆక్సిజన్‌లో ఇంకో సంగతి ఉంది. ఎక్కువ ఒక్కటే కాదు, ఎక్కువ తక్కువల మధ్య ఊగిసలాట కూడా చెడ్డదే. నెల తక్కువ పిల్లలు మధ్యమధ్య ఊపిరి మర్చిపోతుంటారు. శాతం 70కి పడిపోతుంది, సిస్టర్ పరుగున వచ్చి ఆక్సిజన్ పెంచుతుంది, 100కి ఎక్కుతుంది, మళ్లీ తగ్గించడం ఆలస్యమవుతుంది. ఒక్క సిస్టర్ చేతిలో పది మంది పిల్లలుంటే ఆమెనూ అనలేం.

మీ కాగితంలో నాకు అంతే ముఖ్యంగా కనిపించింది ఇన్ఫెక్షన్. 14 రోజుల యాంటీబయాటిక్స్ అంటే మామూలు జలుబు కాదు, రక్తంలోకి వెళ్లిన ఇన్ఫెక్షనే అయి ఉంటుంది. ఒంట్లో వాపు రగులుతున్నప్పుడు రెటీనా నాళాల ఎదుగుదల కూడా దెబ్బతింటుంది. ముఖ్యంగా ఫంగస్ ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లల ఫైలు చూస్తే నేను కంటి పరీక్షను ఒక్క రోజు కూడా వాయిదా వేయను. మీ ఫైల్లో బ్లడ్ కల్చర్ రిపోర్ట్ ఉంటుంది, అది తప్పకుండా తీసుకెళ్లండి.

రక్తం ఎక్కించడం గురించి కంగారు పడకండి, అవసరమై ఎక్కించారు. బిడ్డ సొంత రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. పెద్దవాళ్ల రక్తం కణజాలానికి దాన్ని తేలిగ్గా వదిలేస్తుంది. దాంతో రెటీనాకు ఒక్కసారిగా ఎక్కువ ఆక్సిజన్ అందుతుంది. ఎక్కువసార్లు ఎక్కించిన పిల్లల్లో రిస్క్ ఎక్కువ ఉండటానికి ఇదీ ఒక కారణం. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు కోయకుండా కాస్త ఆగితే తర్వాత రక్తం ఎక్కించాల్సిన అవసరం కొంత తగ్గుతుంది. అది మళ్లీ కాన్పు అయ్యేవాళ్లు డాక్టర్‌ను అడగాల్సిన మాట.

బరువు పెరగడం గురించి మీరసలు అడగలేదు గానీ, నా కన్ను ముందు దాని మీదే పడింది. పుట్టినప్పుడు 1,640, 22వ రోజున 1,700. మొదటి పది పన్నెండు రోజుల్లో నెల తక్కువ పిల్లలు కొంచెం తగ్గి మళ్లీ పుట్టిన బరువుకు వస్తారు. ఆ తర్వాత కిలోకు రోజుకు సుమారు 15 గ్రాముల చొప్పున పెరగాలి. ఆ లెక్కన మీ పాప ఇంటికొచ్చేనాటికి 1,850 దాటి ఉండాలి. ఇన్ఫెక్షన్ వల్ల వెనకబడింది. దీనికీ కంటికీ సంబంధం ఏమిటంటే, నాళాలు క్రమంగా పెరగాలంటే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ కావాలి. కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు దానికి లోటుండదు, ముందే పుట్టేసరికి ఒక్కసారిగా పడిపోతుంది. బిడ్డ ఒళ్లు చేస్తే అది మళ్లీ పెరుగుతుంది. అందుకే మొదటి వారాల్లో బరువు మెల్లగా పెరిగే పిల్లల్లో ఆర్‌ఓపీ ఎక్కువ. వారం వారం బరువు చూసి కంటి రిస్క్ అంచనా కట్టే లెక్కలు కూడా ఇప్పుడు వచ్చాయి.

ఈ ఒక్క రిస్క్ మీ ఇంట్లో, మీ ఆవిడ ఒడిలో తగ్గించగలిగేది. తల్లిపాలు మాత్రమే పట్టమనండి. పాప నోటితో లాగలేకపోతే పిండి చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టొచ్చు. పాపను గుడ్డలు లేకుండా, డైపర్, టోపీ, సాక్సులు మాత్రమే ఉంచి తల్లి గుండెల మీద పడుకోబెట్టి పైన చీర కప్పే కంగారూ పద్ధతిని ఆస్పత్రిలో నేర్పే ఉంటారు. ఇంట్లో ఎన్ని గంటలు వీలైతే అన్ని గంటలు చేయాలి. ఆమె అలసిపోతే మీరూ చేయొచ్చు, తండ్రి ఛాతీ కూడా అంతే వెచ్చగా ఉంటుంది.

గుండె దగ్గర పుట్టాక మూసుకోవాల్సిన పీడీఏ అనే రక్తనాళం తెరుచుకుని ఉండటం, మెదడులో రక్తస్రావం, పేగు ఇన్ఫెక్షన్, రక్తంలో చక్కెర పెరగడం ఇవన్నీ కూడా రిస్క్ కిందే వస్తాయి. మీ కాగితంలో అవేవీ లేవు కాబట్టి వదిలేస్తాను. కవల పిల్లలున్నవాళ్లకు మాత్రం ఒక్క మాట. ఒకరి కళ్లు బాగున్నాయంటే రెండోవారివీ బాగున్నట్టు కాదు, ఇద్దరినీ విడివిడిగా చూడాలి.

ఇప్పుడు రిస్క్ కానివి. వీటి గురించి రాయకపోతే నాకు మనసొప్పదు, ఎందుకంటే ప్రతి వారం ఎవరో ఒక తల్లి నా ఎదుట ఏడుస్తూ ఇవే అడుగుతుంది. కామెర్లకు పెట్టే నీలం లైటు వల్ల ఆర్‌ఓపీ రాదు. వెలుతురు వల్ల వస్తుందేమోనని అమెరికాలో 400 మందికి పైగా పిల్లల మీద పరీక్షించి, కొందరికి వెలుగు తగ్గించే గాగుల్స్ పెట్టి చూశారు. 1998లో ఫలితం వచ్చింది, తేడా ఏమీ లేదు. ఫొటో తీసినప్పుడు పడిన ఫ్లాష్, గ్రహణం రోజు బయటికి రావడం, కడుపుతో ఉన్నప్పుడు సెల్‌ఫోన్ చూడటం, బొప్పాయి తినడం ఇవేవీ కారణం కావు. ఇది మేనరికం జబ్బూ కాదు. 'ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదు' అని మీ అత్తగారు భయపడ్డారని రాశారు కదా. ఆమెకు చెప్పండి, కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఎనిమిదో నెలలో పుట్టడం వల్లే మీ పాప కళ్లు ఏడో నెల బిడ్డ కళ్ల కంటే చాలా మెరుగైన స్థితిలో ఉండే అవకాశం ఉంది.

'పాప దీపం వైపు చూస్తోంది, కళ్లు ఎర్రగా లేవు, పుసి లేదు' అన్నారు. ఆర్‌ఓపీలో పైకి ఏమీ కనపడదండి. నొప్పి ఉండదు, నీరు కారదు. జబ్బు రెటీనా అంచు దగ్గర మొదలవుతుంది, మధ్యలో వెలుగు తెలుస్తూనే ఉంటుంది. పైకి కంట్లో కనిపించే ముఖ్యమైన గుర్తు, నల్లగా ఉండాల్సిన కంటిపాప తెల్లగా మెరవడం. అది కనిపించేసరికి రెటీనా పూర్తిగా ఊడి ఉంటుంది.

నేను ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తలో ఒక జంట ఐదు నెలల పాపను తెచ్చారు. ముఖం చూసి నవ్వడం లేదని మొదట అమ్మమ్మ గమనించింది. పుట్టిన బరువు 1,100 గ్రాములు. తండ్రి పాలిథిన్ కవర్లోంచి ఫైలు తీసి నా బల్ల మీద పెట్టాడు. ఒక్క కాగితం మడత పడకుండా అన్నీ భద్రంగా ఉన్నాయి. మందుల బిల్లుల వెనక, పిన్ను కొట్టిన చోట చిన్న చీటీ ఉంది: 'ఐ చెకప్'. ఇంగ్లిష్‌లో, ఎర్ర ఇంకుతో. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నది లేదు. ఆయన దాన్ని నాకు చూపించి, 'ఇదేనా మేడమ్?' అని అడిగాడు. రెండు కళ్లూ ఐదో స్టేజీ, అంటే రెటీనా పూర్తిగా ఊడిపోయింది. ఆపరేషన్ చేయించారు, వెలుగు తెలిసేంత చూపు కూడా సరిగా రాలేదు. అప్పటినుంచి నేను చూసే ప్రతి బిడ్డ ఫైలు పైన తర్వాత రావాల్సిన తేదీని తెలుగులో, పెద్ద అక్షరాలతో నా చేత్తోనే రాస్తాను.

ఇలాంటి కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996లో చెన్నైలో ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో 29 వారాలకు 1,250 గ్రాములతో పుట్టిన పాపకు ఈ పరీక్ష గురించి ఎవరూ చెప్పలేదు, చూపు పోయింది. 2015లో కోర్టు సుమారు 1.8 కోట్ల రూపాయల పరిహారం ఇమ్మంది. ఆ తీర్పు తర్వాత డిశ్చార్జ్ కాగితాల్లో ఆ లైను రాయడం బాగా పెరిగింది. కానీ లైను రాసినంత మాత్రాన తల్లిదండ్రులకు చెప్పినట్టు కాదని మీ కాగితమే చెప్తోంది.

మన దేశంలో నియమం తేలిక: పుట్టిన 30 రోజుల్లోపు మొదటి పరీక్ష. 'తీస్ దిన్ రోష్నీ కే' (వెలుగు కోసం ముప్పై రోజులు) అని హిందీలో నినాదం కూడా ఉంది. 28 వారాల కన్నా ముందు పుట్టినవాళ్లకూ, 1,200 గ్రాముల లోపు ఉన్నవాళ్లకూ రెండు మూడు వారాలకే చూడాలి. ఈ లెక్క పుట్టిన రోజునుంచి, డిశ్చార్జ్ అయిన రోజునుంచి కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

మీ అత్తగారి మాట తీసిపారేయొద్దు. పురిటి బిడ్డను గుంపుల్లోకి తీసుకెళ్లకూడదన్న పెద్దల జాగ్రత్త ఇన్ఫెక్షన్ విషయంలో సరైనదే. ఆమెతో 'ఇది చుట్టాలింటికి వెళ్లడం కాదు, టీకా లాంటిది' అని చెప్పి చూడండి. వీలైతే ఆమెనే వెంట తీసుకెళ్లండి. తన కళ్లతో చూసిన అమ్మమ్మ రెండో పరీక్షకు అందరికంటే ముందు తయారవుతుంది, ఇది నేను చాలా ఇళ్లలో చూశాను. ఒకటి మాత్రం మాన్పించండి: కంట్లో ఆముదం, తల్లిపాలు, కాటుక ఏదీ వేయకూడదు.

ఒంగోలు, గుంటూరు, విజయవాడలో రెటీనా డాక్టర్లు ఉన్నారు. ఫోన్ చేసినప్పుడు 'చిన్నపిల్లల కంటి పరీక్ష' అని కాకుండా 'నెల తక్కువ బిడ్డకు ఆర్‌ఓపీ పరీక్ష, ఏ రోజుల్లో చేస్తారు' అని అడగండి. అన్ని కంటి ఆస్పత్రులూ ఇది చేయవు. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ ఆస్పత్రి ఉంది. డబ్బు ఇబ్బంది అయితే పిల్లల ఆరోగ్యం కోసం ఉన్న ఆర్‌బీఎస్‌కే అనే కేంద్ర పథకంలో ఆర్‌ఓపీ కూడా ఒకటి, జిల్లా ఆస్పత్రిలో పిల్లల సమస్యలను ముందే గుర్తించే డీఈఐసీ కేంద్రంలో అడగండి. పిల్లల డాక్టర్‌కు కూడా ఒక మాట చెప్పి బయల్దేరండి.

పరీక్షలో ఏం చేస్తారో ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. కంటిపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేస్తారు, రెండు మూడుసార్లు వేశాక ముప్పావు గంట, గంట పడుతుంది. కదలకుండా గుడ్డలో చుట్టి, మత్తు చుక్క వేసి, రెప్పలు తెరిచి ఉంచడానికి చిన్న తీగ క్లిప్పు పెడతారు. డాక్టర్ తలకు లైటు పెట్టుకుని, చేతిలో భూతద్దం లాంటి లెన్స్‌తో చూస్తారు. ఒక్కో కంటికి ఒకటి రెండు నిమిషాలు. పాప గట్టిగా ఏడుస్తుంది, అది చూడటం కష్టం. కళ్లు తీసి పెట్టేస్తారని ఊళ్లో ఎవరో అన్నారని భయపడి వెనక్కి వెళ్లిపోయినవాళ్లను చూశాను. అలాంటిదేమీ లేదు. ఆ రాత్రికి రెప్పలు కొంచెం ఉబ్బి ఉంటాయి, పొద్దున్నకు తగ్గిపోతుంది.

డాక్టర్ చెప్పేది మూడు రకాలుగా ఉండొచ్చు. నాళాలు అంచుదాకా చేరాయంటే పని అయినట్టే. పుట్టాక గడిచిన రోజులు కూడా కలిపితే 35 వారాలు దాటిన మీ పాపకు ఎక్కువగా వినిపించే మాట 'ఇంకా పూర్తి కాలేదు, రెండు వారాల తర్వాత రండి' అన్నది. దీన్నే 'బాగుంది' అనుకుని మళ్లీ రానివాళ్లు చాలామంది. ఆ మాటకు అర్థం జబ్బు లేదని కాదు, ఇంకా రావచ్చు అని. నాళాలు అంచుకు చేరాయని డాక్టర్ నోటితో చెప్పేదాకా తిరగాలి, నాలుగైదు సార్లు కావచ్చు. మూడోది, జబ్బు ఉంది అనడం. కాగితం మీద జోన్ 1, 2, 3 అని ఉంటే అది ఎక్కడ ఉందో చెప్పేది. జోన్ 1 అంటే రెటీనా నడిమధ్య, అది ఎక్కువ ప్రమాదం. స్టేజ్ ఎంత ముదిరిందో చెప్తుంది. 'ప్లస్' అని రాస్తే నాళాలు ఉబ్బి మెలికలు తిరిగాయని అర్థం. స్టేజ్ 1, 2 చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. 'టైప్ 1' అన్నారంటే మాత్రం 48 నుంచి 72 గంటల్లో లేజరో, కంట్లో ఇంజెక్షనో చేయించాలి. ఆ రోజు ఊరికి వెళ్లి పెద్దలను అడిగి వస్తామనకండి, ఫోన్‌లోనే అడగండి. ఇంజెక్షన్ చేయించుకున్న పిల్లల్లో జబ్బు నెలల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు, అందుకని వాళ్ల తేదీలు ఇంకా జాగ్రత్తగా పాటించాలి. జబ్బు తగ్గినా, అసలు రాకపోయినా, నెల తక్కువ పిల్లలకు మైనస్ పవర్, మెల్లకన్ను ఎక్కువ. కాబట్టి ఏడాది లోపు ఒకసారి, బడికి ముందు ఒకసారి అద్దాల పరీక్ష ఉండాలి.

బయల్దేరే రోజు పాపను కారు సీట్లో కాకుండా మీ ఆవిడ గుండెలకు కట్టి, పైన దుప్పటి కప్పి తీసుకెళ్లండి. చుక్కలు వేశాక పరీక్షకు గంట ముందునుంచి పాలు పట్టొద్దు, ఏడ్చినప్పుడు వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పరీక్ష అయ్యాక అక్కడే కాసేపు కూర్చుని, ఊపిరి బాగా తీసుకుంటోందని చూసి, పాలు పట్టాకే ఇంటికి బయల్దేరండి. ఫైలు మొత్తం తీసుకెళ్లండి, బిల్లులతో సహా. వచ్చాక కాగితంలో జోన్, స్టేజ్, తర్వాతి తేదీ ఏమని ఉందో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.